మంద – మందు

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనక మాటలతో ఆడుకోవడం నాకు అలవాటు. ‘మంద’కూ ‘మందు’కూ నడుమ వున్నది ఒక్క కొమ్ము తేడా అని తరగతిలో పిల్లలను నవ్వించిన రోజులున్నాయి. ఆ ఒక్క కొమ్ము మా యింటి మీదికి ఎంత తగువు తెచ్చిందో చెప్పుకుందామని ఇవాళ కూర్చున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఉన్నదల్లా నా సిగ్గే.

మాది వేంసూరు. ఖమ్మం జిల్లాకు ఆగ్నేయపు మూల. దక్షిణంగా కాస్త దూరం పోతే ఆంధ్ర రాష్ట్రపు పొలిమేర. ఉత్తరంగా సత్తుపల్లి దాటి, దమ్మపేట, అశ్వారావుపేట మీదుగా భద్రాచలం వైపు పోతే ఒకప్పుడంతా అడవే. ఇప్పుడు అడవీ, పామాయిల్ తోటలూ, పోడు చేలూ కలగలుపుగా వుంటాయి. మెట్టా మాగాణీ రెండూ వున్న వూరు మాది. అడవికి దగ్గర, అంగడికి దగ్గర. అందుచేత తిరిగే మందలకు ఇది మంచి మజిలీ.

నా చిన్నతనంలో మా వూళ్లో మంద దిగిందంటే పండగ వచ్చినట్టే వుండేది. సూర్యాపేట, నల్లగొండ వైపు నుంచి గొల్లలు వచ్చేవారు. వరి కోతలయ్యాక మాగాణుల్లోకి, వానలు పడి చేలు పచ్చబడగానే అడవుల వైపుకూ వారి నడక. ముందు దుమ్ము లేచేది. ఆ తరువాత వాసన వచ్చేది. ఆ వెనక ‘హో హో’ మని గొంతులు, చివరికి గొర్రెలు. భుజాన గొంగడి, చేతిలో పొడుగు గడ, ఆ గడ కొసన కొడవలి. వెనకాల గాడిద మీద వంట సామానూ, నడవలేని గొర్రెపిల్లలూ. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, ‘‘వచ్చావా తమ్ముడా, పిల్లలు బాగున్నారా?’’ అని పెద్దగొల్లను పలకరించేది. నాకు ఆయన గొల్లమామ. మా నాన్నను ఆయన ‘పటేలా’ అనేవాడు. కులాలు వేరు, జిల్లాలు వేరు. అయినా పిలుపులో చుట్టరికం వుండేది.

ఈ చుట్టరికం వట్టి మాటల్లో పుట్టింది కాదు, పేడలో పుట్టింది. రాత్రి పూట అయిదారు వందల గొర్రెలను చేలో మలిపితే, తెల్లవారేసరికి ఆ చెక్కంతా ఎరువుతో నిండేది. పేడా, పంచితం నేలలో కలిసి, గిట్టలు తొక్కి తొక్కి మన్ను గుల్లబారేది. మర్నాడు పక్క చెక్కకు మార్చేవారు. ఒకసారి మంద కట్టిన నేలకు రెండు మూడు పైర్ల దాకా సత్తువ వుంటుందని మా నాన్న చెప్పేవాడు. అందుకే రైతే గొల్లకు కూలి ఇచ్చుకునేవాడు. రాత్రికి ఇన్ని కుంచాల వడ్లు, పైన మందకాపరులకు అన్నం. ‘మా చేలో కట్టు’ అంటే ‘మా చేలో కట్టు’ అని రైతుల మధ్య పోటీ కూడా వుండేది.

అయితే గొర్రెకు గట్టంటే ఏం తెలుసు? అప్పుడప్పుడూ పెసర చేలోనో, కంది చేలోనో పడేవి. అప్పుడు పెద్ద గలభా అయ్యేది. పశువు పైరు మేస్తే తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టడమనే పద్ధతి వున్నది గదా! ఇంగ్లీషువాళ్లు దాని కోసం 1871లో ఒక చట్టమే చేశారు. బందె కట్టి విడిపించుకోవాలి. కాని మా వూళ్లో తిరిగే మందలను బందెలదొడ్డికి తోలడం నేను చూసింది తక్కువ. రైతు తరఫున ఒకరూ, మంద తరఫున ఒకరూ చేలోకి దిగి, మేసిన మేరకు లెక్క కట్టేవారు. ఇంత నష్టమైతే ఇన్ని రాత్రులు వూరికే మంద కట్టాలి, అంత నష్టమైతే ఒక పొట్టేలు ఇవ్వాలి. పొద్దు గూకేలోగా మాట తెగిపోవాలి. గొల్లమామ అనేవాడు: ‘‘బందెలదొడ్డికి పోయిన గొర్రె పైసలిస్తె తిరిగొస్తది పటేలా. పొత్తు పోతే రాదు.’’

అప్పుడు నేను పిల్లవాణ్ణి. ఆ మాటలోని లోతు తెలియలేదు. పెద్దవాణ్ణయి, తెలుగు ఎమ్మే చదివి, కాటమరాజు కథ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు కూడా తెలియలేదు. పుస్తకంలో వున్నది మన వాకిట్లో కూడా వుంటుందని పంతుళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది కాబోలు.

కాటమరాజు కథ మన గొల్లల వీరగాథ. పదమూడో శతాబ్దపు సంగతిగా పెద్దలు చెబుతారు. కొమ్ములవారూ, మందహెచ్చులవారూ తరతరాలుగా దీన్ని పాడుకొచ్చారు. కథ చిన్నది, చిక్కు పెద్దది. కరువు వచ్చింది. కాటమరాజు తన ఆలమందలను తోలుకుని నెల్లూరు సీమకు వెళ్లాడు. అక్కడి ప్రభువు నల్లసిద్ధి. ఇద్దరూ కౌలు రాసుకున్నారు. ఆ సీమలో మొలిచిన పచ్చిక కాటమరాజు ఆవులది, అందుకు బదులుగా మందలో పుట్టిన కోడెదూడలు నల్లసిద్ధివి. ఇదీ పుల్లరి. చూడబోతే ఎంత చక్కని ఏర్పాటు! ఒకరికి గడ్డి, ఇంకొకరికి ఎద్దులు.

అయితే ఆ సీమలోనూ వానలు మొహం చాటేశాయి. పచ్చిక ఎండింది. ఆవులు పైర్ల మీద పడ్డాయి. ‘పచ్చగా మొలిచిందల్లా పచ్చికే, కౌలులో అట్లాగే వున్నది’ అని గొల్లలు. ‘పైరు పచ్చికెట్లా అవుతుంది?’ అని రైతులు. రాజుగారి ప్రియురాలు పెంచుకున్న చిలుక గొల్లల చేతిలో చచ్చింది. అటునుంచి వేటగాళ్లు ఆవుల మీద పడ్డారు. ఆవులు పోయాక పుల్లరి ఎందుకియ్యాలని కాటమరాజు, పచ్చిక మేశాక ఎట్లా ఇయ్యవని నల్లసిద్ధి. రాయబారాలు నడిచాయి. వెళ్లినవారందరూ ఒక పక్షంవారో, రెండో పక్షంవారో తప్ప నడిమివారు కారు. ఎర్రగడ్డపాడులో యుద్ధం జరిగింది. ఖడ్గతిక్కన వంటి యోధుడు అందులోనే నేలకూలాడు. ఆయన మన తిక్కన సోమయాజికి దాయాది. చుట్టం కత్తి పడితే, కవి కలం పట్టాడన్నమాట. అటు గొల్ల వీరులూ పోయారు. ఎవరూ గెలవలేదు. గడ్డి మాత్రం మళ్లీ వానలకు మొలిచింది.

ఈ కథ చెప్పి, ఏటా తరగతిలో ఒక ప్రశ్న వేస్తాను: ‘‘తప్పెవరిది?’’ రైతుల పిల్లలు గొల్లలదంటారు. యాదవుల పిల్లలు నల్లసిద్ధిదంటారు. పట్నం పిల్లలు చిలుకదంటారు. నేను ముసిముసిగా నవ్వి, తెలిసినవాడిలాగా వూరుకునేవాణ్ణి. నిజానికి నాకూ తెలియదు.

ఆ పుల్లరి అనే మాట ఎంత గట్టిదో చూడండి. దాదాపు ఏడు వందల ఏళ్ల తరువాత పల్నాడులో అదే మాట మళ్లీ ప్రాణం తీసింది. అడవిలో పశువులు మేపుకున్నందుకు, కట్టె తెచ్చుకున్నందుకు తెల్లదొరలు పుల్లరి కట్టమన్నారు. కట్టమన్నాడు కన్నెగంటి హనుమంతు. 1922 ఫిబ్రవరి 22న మించాలపాడులో పోలీసుల తూటాలకు బలయ్యాడు. రాజులు మారారు, దొరలు వచ్చారు, పోయారు. గడ్డి మీద హక్కెవరిది అన్న ప్రశ్న మాత్రం అక్కడే వుండిపోయింది.

ఇక మా వూరి సంగతికి వస్తాను.

నేను ఉద్యోగంలో కుదురుకునేసరికే వూరు మారిపోయింది. బస్తా ఎరువులు వచ్చాయి. మందకు ఇచ్చే వడ్లు దండగ అనిపించింది. జొన్న, పెసర వేసే మెట్టల్లో పత్తి వచ్చింది. కొన్నిచోట్ల మామిడి, కొన్నిచోట్ల పామాయిల్. పైరు కోశాక ఖాళీగా వుండే నేలే కరువైంది. తోట అంటే కంచె వుంటుంది. కంచె అంటే గొర్రెకు అడ్డు. అడవిలోనూ కొత్తగా మొక్కలు నాటిన చోట మేపడానికి వీల్లేదు. మొక్క బతకాలంటే కొన్నాళ్లు మేత ఆపక తప్పదని వాళ్ల మాట. అదీ నిజమే.

మేత తగ్గుతున్న రోజుల్లోనే మందలు పెరిగాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు ముప్పాతిక వంతు సబ్సిడీ మీద ఇరవై గొర్రెలూ, ఒక పొట్టేలూ చొప్పున పంచింది. 2019 పశుగణనలో రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1 కోటీ 90 లక్షలని తేలింది. 2012లో వున్నవి 1 కోటీ 28 లక్షలు. దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం మనదే అయింది. సంతోషమే. కాని గొర్రెను పంచినట్టు గడ్డిని పంచడం ఎవరి తరం? 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు మాట వుంది. ఒకచోట స్థిరంగా వున్నవారికే గాక, తిరుగుతూ మేపుకునేవారికి కూడా. ఆ అక్షరాలను నేను స్వయంగా చదివాను. చదివి, మా గొల్లమామకు చెప్పాను. ‘‘కాయితం మీద గడ్డి మొల్వదు గద సారూ’’ అన్నాడు.

2019 ఫిబ్రవరిలో దురాజుపల్లి పెద్దగట్టు జాతర జరిగింది. లింగమంతుల స్వామికి మొక్కులు తీర్చుకుని, మార్చిలో గొల్లమామ కొడుకు మందతో మా వూరు వచ్చాడు. గొల్లమామ ముసలివాడై, వెంట వచ్చినా గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. మా మామిడి తోటలో పది రాత్రులు మంద కట్టడానికి అన్నయ్య ఒప్పుకున్నాడు. సేంద్రియపు ఎరువు మంచిదని మళ్లీ అందరూ అంటున్న రోజులు గదా. బేరం నోటి మాట మీదే జరిగింది. ఏ తోటలో, ఎన్ని రాత్రులు, ఎంత డబ్బు అన్నవరకే మాట్లాడుకున్నారు. మిగతాది ఎప్పటిలాగే అనుకున్నారు. ఎప్పటిలాగే అన్నది నాన్న కాలం నాటిదని ఎవరికీ తోచలేదు.

నాలుగో రోజు గొర్రెలు పక్క చెక్కలోకి దూరి, కొత్తగా పెట్టిన అంటుమొక్కలు కొరికేశాయి. నలభై దాకా పోయాయి. అన్నయ్యకు వొళ్లు మండిపోయింది. ఆ కోపంలో చేశాడో, అంతకు ముందే అనుకున్న పనో, ఆ సాయంత్రమే తోటలో చివరి రెండు వరసలకు తేనెమంచు పురుగు మందు కొట్టించాడు. మందకు చెప్పలేదు. నేను సెలవుకు ఇంటికి వచ్చి వున్నాను. మోటారు షెడ్డు దగ్గర మందు డ్రమ్మూ, ఖాళీ సీసా నా కళ్లారా చూశాను. ‘చెప్పావా వాళ్లకు?’ అని అడగవలసింది. అడగలేదు. చేతిలో వున్న పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వుండిపోయాను.

తెల్లవారేసరికి పదకొండు గొర్రెలు చచ్చి వున్నాయి.

గొల్లమామ కొడుకు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. ‘‘పటేలా, పదకొండు సచ్చినయ్. అందుల ఏడు సూడి గొర్రెలు’’ అన్నాడు. అన్నయ్య తడుముకోకుండా, ‘‘పక్క చేలో జొన్న పిలకలు మేపావు, నాము తగిలింది. ఆ పాపం నా నెత్తిన రుద్దుతావా? నలభై అంట్లు కొరికించింది ఎవరు?’’ అన్నాడు. కోసిన జొన్న దుబ్బు నుంచి వచ్చే లేత పిలకలు తింటే గొర్రెలు చస్తాయన్నది నిజమే. పక్క చేలో జొన్న వున్నదీ నిజమే. కాబట్టి అబద్ధానికి చోటు దొరికింది.

‘‘నాము తగిల్తే మాకెర్క గాదా పటేలా?’’ అని ముసలాయన గొంతు వణికింది. ‘‘పుట్టిన కాడికెల్లి గొర్లల్లనే వున్నం.’’

మధ్యాహ్నానికి గొల్లల బంధువులు ఇంకో రెండు మందల నుంచి వచ్చారు. కర్రలు వున్నాయి. మా వైపు కుర్రాళ్లూ పోగయ్యారు. ఒకరు పోలీసు కేసు అన్నారు. ఒకరు మందను బందెలదొడ్డికి తోలమన్నారు. పశువుల డాక్టరు వచ్చేసరికే చచ్చినవాటిని పూడ్చేశారు. ఇక రుజువెక్కడిది? సాయంత్రం వేపచెట్టు కింద పంచాయితీ కూర్చుంది. ఎవరి మాట వారిది. పెద్దమనుషుల్లో ఒకరు నా వైపు తిరిగి, ‘‘నువ్వు చదువుకున్నవాడివి, ఇంట్లోనే వున్నావు. నీకేమైనా తెలుసా?’’ అని అడిగారు.

అన్నయ్య నా మొహంలోకి చూశాడు. నాన్న పోయాక నన్ను చదివించినవాడు. నేను తల వంచుకుని, ‘‘నేను ఇంట్లో పేపర్లు దిద్దుకుంటున్నాను’’ అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. మర్నాటికి వాయిదా పడింది.

ఆ రాత్రి ఒక చిన్న సంగతి జరిగింది. అదే లేకపోతే ఈ వ్యాసం లేదు. గొల్లమామ కోడలు రోజూ మాకు చెంబెడు మేకపాలు తెచ్చి ఇచ్చేది. మందలో పాలకోసం నాలుగు మేకలుండేవి. ఇంత తగువు పడ్డాక ఇక రాదనుకున్నాం. వచ్చింది. వాకిట్లో చెంబు పెట్టి, మాట్లాడకుండా నిలబడింది. మా అమ్మ లేచి, పాలు లోపల పోసుకుని, చెంబు కడిగి, అందులో బెల్లంముక్క వేసి ఇచ్చింది. ఖాళీ చెంబు తిరిగి ఇవ్వడం మా యింట్లో ఆనవాయితీ కాదు. ‘‘పిల్లలు తిన్నారా?’’ అని అడిగింది. ‘‘ఏం తింటరక్కా’’ అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె వెళ్లాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. ‘‘ఒరే, నువ్వు కాలేజీలో పిల్లలకు ఏం చెబుతావురా?’’ అని అడిగింది. అంతే. ఇంకొక్క మాట అనలేదు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన ఖడ్గతిక్కనను తల్లీ, భార్యా ఎట్లా ఎత్తిపొడిచారో ఏటా పాఠం చెప్పేవాణ్ణి నేను. వాళ్లు ఆయన్ను కత్తి పట్టమని పంపారు. మా అమ్మ నన్ను నోరు విప్పమని పంపింది. కత్తి పట్టడమే సులువేమో!

మర్నాడు పంచాయితీలో చెప్పేశాను. మందు కొట్టిన సంగతీ, డ్రమ్ము చూసిన సంగతీ, చూసి కూడా వూరుకున్న సంగతీ. ‘‘తప్పు అన్నయ్యది ఎంతో నాదీ అంతే’’ అన్నాను. చెట్టు కింద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ‘‘అంట్లు పోయిన కోపంలో చెప్పడం మరిచాను. చంపాలని కాదు’’ అన్నాడు. అప్పుడు ముసలి గొల్లమామ అన్న మాట నేను చచ్చేదాకా మరువను: ‘‘అంట్లు గొరికింది మా గొర్లే పటేలా. అది గూడ లెక్కల రాయుండ్రి.’’

వేరే వూరి పెద్దమనిషి ఒకరిని పిలిచి లెక్క కట్టించారు. చచ్చిన గొర్రెల ధరలో కొంత మేము ఇచ్చాం. అంటుమొక్కల కింద మిగిలిన రాత్రులు వాళ్లు వూరికే మంద కట్టారు. కాని నేను పట్టుబట్టి రాయించింది ఆ తరువాతి సంగతులు. మందు కొట్టిన చెక్కకు నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టాలి. మంద దిగే ముందు రైతూ, గొల్లా కలిసి గట్టు మీద ఒక చుట్టు నడవాలి. ఏది మేత, ఏది కాదు అని వేలు పెట్టి చూపించుకోవాలి. పైరు పోయినా, గొర్రె పోయినా, నడిమి మనిషి వచ్చి చూసేదాకా పూడ్చకూడదు, దున్నకూడదు. ఆ నడిమి మనిషి ఈ వూరివాడూ, ఆ మందవాడూ కాకూడదు. ఒక తెల్లకాయితం, నాలుగు షరతులు, ఇరువైపులా వేలిముద్రలు. నల్లసిద్ధి కౌలులో లేనివి ఈ నాలుగే గదా అని నాకు అప్పుడు తోచింది.

అన్నయ్య ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. అదీ రాసుకోవలసిన సంగతే. నిజం చెప్పడం వూరికే రాదు.

ఆ ఏడాది మా కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే మిత్రుడికి ఈ కథంతా చెప్పాను. ఆయన నవ్వి, ‘‘మీ అమ్మగారిని కెన్యా పంపించాలండీ’’ అన్నాడు. కెన్యా ఏమిటంటే, వజీర్ అనే సీమ కథ చెప్పాడు. ఆ తరువాత నేనూ వెతుక్కుని చదివాను.

కెన్యా దేశపు ఈశాన్య మూల వజీర్. ఒంటెలూ, ఆవులూ, మేకలూ మేపుకు బతికే సోమాలీ తెగలవారి నేల. నీళ్లూ, మేతా అక్కడ ప్రాణం కిందే లెక్క. 1991, 1992లలో కరువు వచ్చి మందలు నేలరాలాయి. బతికిన పశువు కోసం, బావి కోసం తెగలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పొరుగున సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయి తుపాకులు చవకయ్యాయి. మన కర్రల చోట అక్కడ తుపాకులు, అంతే తేడా. మనుషులు వందల్లో చచ్చారు. చివరికి వజీర్ అంగట్లో ఒక తెగ ఆడవాళ్లు అమ్మే పాలు ఇంకో తెగవారు కొనని రోజు వచ్చింది.

ఆ పాల దగ్గరే తిరిగి మొదలైంది. 1993లో కొందరు ఆడవాళ్లు కూడబలుక్కున్నారు. అందులో దేఖా ఇబ్రహీం అబ్ది అనే ఆమె ఒకరు. ‘ఎవరు మొదలు పెట్టారు?’ అన్న ప్రశ్న పక్కన పెట్టారు. ముందు అంగట్లో అందరూ అందరి దగ్గరా కొనాలి, అమ్మాలి. ఎవరినైనా అడ్డుకుంటే తమకు చెప్పాలి. అంగడి నిలబడింది. ఆ తరువాత కుర్రాళ్లను కలుపుకున్నారు. ఆ తరువాత పెద్దల దగ్గరికి పోయారు. అక్కడ ఒక మంచి తెలివి చూపారు. తగువులో వున్న పెద్ద తెగల నుంచి గాక, చిన్న తెగల నుంచి పెద్దలను నడిమివారుగా కూర్చోబెట్టారు. ఆ సెప్టెంబరులో అల్ ఫతా ఒడంబడిక కుదిరింది. ఎక్కడైనా తగువు రగిలితే వెంటనే వెళ్లి చూసే మనుషులను పెట్టుకున్నారు. 1995కల్లా ఆ ఆడవాళ్లూ, పెద్దలూ, కుర్రాళ్లూ, ప్రభుత్వపు అధికారులూ ఒకే కమిటీ కింద కూర్చున్నారు. దేఖాకు 2007లో రైట్ లైవ్లీహుడ్ బహుమతి వచ్చింది. 2011లో ఆమె రోడ్డు ప్రమాదం వల్ల చనిపోయింది.

చదువుతుంటే నాకు మా అమ్మ చెంబులో వేసిన బెల్లంముక్క కళ్లముందు మెదిలింది. వజీర్ అంగడి ఎక్కడ, వేంసూరు వాకిలి ఎక్కడ! కాని పాలు తీసుకుంటే మాట మిగులుతుంది. మాట మిగిలితే లెక్క మాట్లాడుకోవచ్చు. అది కూడా ఒప్పందమే, రాయని ఒప్పందం. ఆ రాయనిదాని మీదే రాసినది నిలబడుతుంది.

ఇదంతా చెప్పి, అన్ని తగువులూ చెంబెడు పాలతో తీరిపోతాయని నేననను. 2022 నవంబరు 22న మా పక్క జిల్లాలోనే, చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడు అడవిలో ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. మొక్కలు నాటిన ప్లాంటేషన్ దగ్గరే గొడవ పుట్టింది. మరుసటి సంవత్సరం కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. ఉద్యోగధర్మం చేస్తున్న మనిషి పోయాడు. అతని ఇల్లు చీకటైంది. శిక్ష పడినవారి ఇళ్లూ చీకటయ్యాయి. చంపినవాడికి శిక్ష పడవలసిందే, అందులో రెండో మాట లేదు. కాని ఏది నాటిన అడవి, ఏది మేత నేల అని ఆ గట్టు మీద ముందే అందరూ కలిసి ఒక చుట్టు నడిచి వుంటే? నాకు తెలియదు. అడగకుండా మాత్రం వుండలేకపోతున్నాను. కోర్టు జరిగిపోయినదానికి తీర్పు చెబుతుంది. జరగబోయేదానికి ముందుగా మాట్లాడుకోవలసింది మనమే.

ఇప్పుడు తరగతిలో ‘తప్పెవరిది?’ అని అడగడం మానేశాను. ‘‘ఆ కౌలులో ఇంకేం రాసి వుండవలసింది?’’ అని అడుగుతున్నాను. మొదట పిల్లలు తెల్లబోతారు. కాసేపటికి మొదలు పెడతారు. కరువు వస్తే ఏం చేయాలో రాయాలి సార్, అంటాడొకడు. పచ్చికంటే ఏమిటో రాయాలి సార్, అంటుందొకమ్మాయి. చిలుక చచ్చినా, ఆవు చచ్చినా ఎవరి దగ్గరికి పోవాలో రాయాలి సార్, అంటాడు ఇంకొకడు. రైతుల పిల్లలూ, యాదవుల పిల్లలూ ఒకే కాయితం మీద రాస్తారు. ఎర్రగడ్డపాడు యుద్ధం మా తరగతిలో ఏటా ఆగిపోతుంది!

గొల్లమామ ఇప్పుడు లేడు. ఆయన కొడుకు మాత్రం వస్తూనే వున్నాడు. పోయిన వేసవిలో మంద తోట దగ్గరకు రాగానే గొర్రెలను గట్టవతలే ఆపి, తానొక్కడే లోపలికి వచ్చాడు. అన్నయ్య చేతిలో నాలుగు ఎర్రగుడ్డ పీలికలు వున్నాయి.

‘‘మందేమన్న గొట్టిండ్రా పటేలా?’’ అని అడిగాడు.

‘‘అటు మూల కొట్టాను. రా, చూపిస్తా’’ అన్నాడు అన్నయ్య.

ఇద్దరూ గట్టు మీద నడుస్తూ వెళ్లారు. గొర్రెలు ఆగి చూస్తున్నాయి.